పాముకు నత్తనడక ఎందుకొచ్చింది?

ప్రశ్నలు మీవి, జవాబులు మా బరంపురం మేడమ్‌వి

ఈసారి సంచీ నిండా గ్రాఫింగ్ కాలిక్యులేటర్ల ఉత్తరాలే. కిందటి నెల వాటి గురించి నాలుగు ముక్కలు రాసినందుకు ఫలితం ఇది. కొత్తగా చదివేవారికి చెబుతాను: గ్రాఫులు గీసే తెర ఉండి, మనం రాసిన ప్రోగ్రాంలు నడిపే కాలిక్యులేటర్లు ఇవి. మన వైపు దుకాణాల్లో అరుదు, బంధువుల సూట్‌కేసుల్లో వస్తాయి. కాలేజీ పిల్లలందరి దగ్గరా ఉండే కేసియో ఎఫ్ఎక్స్-991లో ప్రోగ్రాం రాయడం కుదరదు. ఆ ప్రశ్న అడిగిన వారందరికీ ఇదే జవాబు, విడివిడిగా రాయను.

ప్రశ్న: మా అబ్బాయి పదకొండో తరగతి. మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిన కాలిక్యులేటర్ పట్టుకుని అర్ధరాత్రి దాకా టైపు చేస్తున్నాడు. లెక్కలనుకుని మురిసిపోయాను, తీరా చూస్తే ఆట. ఇక్కడ పరీక్షల్లో లాగ్ టేబులే గతి. దీనివల్ల ఉపయోగం ఉందా, లాక్కోమంటారా?
— ఒక తండ్రి, ఎరువుల దుకాణం, సిరోంచ

జవాబు: అన్నయ్యగారూ, పరీక్షకైతే పైసా ఉపయోగం లేదు. జేఈఈ మెయిన్‌లోకి ఏ కాలిక్యులేటరూ రానివ్వరు. గేట్‌లో కంప్యూటర్ తెర మీదే ఒకటి ఇస్తారు, దానితోనే సరిపెట్టుకోవాలి.

తమాషా ఏమిటంటే, ఈ ఆటల సరదా ముదిరింది పరీక్షల పుణ్యానే. గ్రాఫులు గీసే మొదటి కాలిక్యులేటర్ కేసియో ఎఫ్ఎక్స్-7000జీ, 1985లో వచ్చింది. 1990లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఐ-81 వచ్చింది. ప్రోగ్రాంలకు అందులో ఉన్న చోటు 2400 బైట్లు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ లాంటి పరీక్షకు ఇవి పట్టుకెళ్లవచ్చు, అందుకని బళ్లలోనూ కొనమన్నారు. అంటే టీచరు లాక్కోవడానికి వీల్లేని ఆటవస్తువు పిల్లల చేతికొచ్చింది. లెక్కల క్లాసు వెనక బెంచీలో ఏమవుతుందో మీరూ నేనూ ఊహించగలం.

మీవాడు ఆడుతున్నాడా, రాస్తున్నాడా అన్నది ముందు తేల్చండి. ఓ కాగితం ఇచ్చి, "బాణం మీట నొక్కితే లోపల ఏం జరుగుతుందో రాసి చూపించరా" అనండి. రాసి చూపిస్తే పది గంటల దాకా వదిలేయండి. నీళ్లు నమిలితే బీరువాలో పెట్టి తాళం వేయండి, ఆదివారం ఇవ్వండి.

ప్రశ్న: మేడమ్, మా అన్నయ్య ఇచ్చిన పాత టీఐ-84 ప్లస్ కాలిక్యులేటర్‌లో టీఐ-బేసిక్ అనే దాని సొంత ప్రోగ్రామింగ్ భాషతో పాము ఆట రాశాను. మొదట్లో బాగానే పరిగెడుతుంది. తినేకొద్దీ, పొడుగయ్యేకొద్దీ నత్తనడక. చాలాసేపు ఆడితే మెమరీ ఎర్రర్ కూడా వస్తోంది. మిషను పాతదవడం వల్లనా? ప్రోగ్రాం కాగితం జతచేశాను.
— బి.టెక్. రెండో సంవత్సరం విద్యార్థి, గుణుపురం

జవాబు: బాబూ, మిషను శుభ్రంగా ఉంది. దానికి అవసరం లేని చాకిరీ నువ్వు చేయిస్తున్నావు.

నీ కాగితంలో ప్రతి అడుగుకూ మూడు పనులు కనిపించాయి. పాము ఒంటి చుక్కల చోట్లు దాచిన జాబితా మొదట్లో కొత్త తలను ఆగ్‌మెంట్ ఆజ్ఞతో అతికిస్తున్నావు. తెర తుడిచి పామునంతా మళ్లీ గీస్తున్నావు. తల ఒంటికి తగిలిందేమో అని జాబితా మొత్తం వెతుకుతున్నావు. పాము 200 చుక్కలయ్యాక ఈ మూడూ 200 రెట్లు పెరుగుతాయి. ఆ మిషనులో ఒక్కో సంఖ్యకు 9 బైట్లు. ఆగ్‌మెంట్ అన్నప్పుడల్లా కొత్త జాబితా తయారవుతుంది, అంటే ఒక్కో జాబితాకూ అడుగుకోసారి 1800 బైట్ల కాపీ. పైగా బేసిక్ ప్రోగ్రాంను అది నడుస్తుండగానే ఒక్కో ముక్కా చదివి అర్థం చేసుకుంటుంది. లోపలి జెడ్80 ప్రాసెసర్ 15 మెగాహెర్ట్జ్‌ది. పాపం, అది మాత్రం ఏం చేస్తుంది?

పాము కదిలినప్పుడు నిజంగా మారేవి రెండే చుక్కలు. ముందు ఒకటి వెలుగుతుంది, వెనక ఒకటి ఆరుతుంది. మధ్య ఒళ్లు ఎక్కడిదక్కడే. కాబట్టి పిక్సెల్-ఆన్ ఒకసారి, పిక్సెల్-ఆఫ్ ఒకసారి, అంతే. తెర తుడిచే మాటే వద్దు.

ఆర్పాల్సిన తోక ఎక్కడుందో గుర్తుండాలి కదా, జాబితా అందుకే. మొదట్లోనే 300 గళ్ల జాబితా ఒకటి పెట్టుకో. తల ఏ గడిలో ఉందో హెచ్‌లో, తోక ఏ గడిలో ఉందో టీలో దాచుకో. తల కదిలితే హెచ్‌కు ఒకటి కలుపు, ఆ గడిలో కొత్త చోటు రాయి. తోక కదిలితే టీకి ఒకటి కలుపు. 300 దాటితే మళ్లీ 1. జాబితా పెరగదు, జరగదు, కాపీ కాదు. పాము పది చుక్కలున్నా రెండొందలున్నా అడుగుకు పట్టే సమయం ఒకటే.

అడ్డానికి ఒకటి, నిలువుకు ఒకటి అని రెండు జాబితాలు పెట్టావు. అక్కర్లేదు. తెర 96 అడ్డం 64 నిలువు అయినా పిక్సెల్ ఆజ్ఞలకు అందేది 95 అడ్డం, 63 నిలువు. రెండూ వందలోపే. వరసను వందతో హెచ్చించి నిలువు గడి సంఖ్య కలిపేయి. 30వ వరస, 47వ గడి అంటే 3047. విడదీయడం నీకు తెలుసు.

ఢీకొన్నదీ లేనిదీ చూడటానికి జాబితా వెతక్కు, తెరనే అడుగు. పిక్సెల్-టెస్ట్ ఆజ్ఞ ఆ చుక్క వెలుగుతోందో లేదో చెబుతుంది. అంచుల వెంట గీత గీసి ఉంచితే గోడా, ఒళ్లూ ఒకే పరీక్షలో తేలిపోతాయి. కాకపోతే తిండి చుక్క కూడా వెలుగుతూనే ఉంటుంది. అందుకని ముందు తిండా కాదా అని దాని చోటుతో పోల్చి చూడు. తిండి కాకపోతే తోక ఆర్పు, ఆ తర్వాత ముందున్న చుక్కను పరీక్షించు. ఈ వరస తప్పితే పాము భోజనం చేసి చచ్చిపోతుంది.

ఇక మెమరీ ఎర్రర్. షరతు నిజమైనంతసేపూ తిరిగే వైల్ లూపు మధ్యలోంచి గోటూ ఆజ్ఞతో బయటికి దూకుతున్నావు. ఆ లూపు ఇంకా నడుస్తోందనే మిషను గుర్తుపెట్టుకుంటుంది. దూకినప్పుడల్లా కాస్త జాగా అలా ఇరుక్కుపోతుంది, ప్రోగ్రాం ముగిసేదాకా తిరిగిరాదు. గోటూకు ఇంకో జబ్బు కూడా ఉంది: దూకాల్సిన చోట పెట్టిన గుర్తును, అంటే లేబుల్‌ను, ప్రోగ్రాం మొదటి నుంచి వెతుక్కుంటూ వస్తుంది. ఆట మొత్తం ఒక్క రిపీట్ లూపులో పెట్టు, గోటూ తీసెయ్.

ఏ మీట నొక్కారో దాని కోడు చెప్పే గెట్‌కీని లూపులో ఒక్కసారే పిలిచి కే-లో దాచుకో. రెండుసార్లు పిలిస్తే మొదటిదాని జవాబు రెండోదానికి రాదు. ఎడమ 24, పైకి 25, కుడి 26, కిందికి 34 అని కాగితంలో సరిగ్గానే రాశావు. కుడికి పోతుంటే ఎడమ నొక్కితే పట్టించుకోకూడదన్న షరతు మాత్రం మర్చిపోయావు.

ప్రశ్న: నాకు అమెరికాలో ఎవరూ లేరు. కాలిక్యులేటర్ లేకుండా నేర్చుకోవచ్చా?
— ఇంటర్ విద్యార్థిని, దేగ్లూరు, నాందేడ్ జిల్లా

జవాబు: నిక్షేపంగా. నమ్‌వర్క్స్ అనే ఫ్రెంచి కంపెనీ 2017లో ఒక గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తెచ్చింది. దాని నకలు బ్రౌజర్‌లో ఉచితంగా నడుస్తుంది, ఫోనులో తెరిచినా సరే. అందులో పైథాన్ భాష ఉంది. కందిన్‌స్కీ అనే మాడ్యూల్‌తో చుక్కలు, దీర్ఘచతురస్రాలు గీయవచ్చు. అయాన్ అనే మాడ్యూల్‌తో ఏ మీట నొక్కి ఉందో తెలుసుకోవచ్చు. పైథాన్‌కు దొరికే తెర 320 అడ్డం, 222 నిలువు. పై జవాబులో పాముకు చెప్పిందంతా ఇక్కడా పనికొస్తుంది. పిక్సెల్-ఆన్‌కు బదులు ఫిల్-రెక్ట్ వాడుకో.

టీఐ మిషన్లకూ ఇలాంటి నకళ్లు, అంటే ఎమ్యులేటర్లు, ఉన్నాయి. వాటికి కావలసిన రోమ్ ఫైలు (మిషను లోపలి సాఫ్ట్‌వేర్ కాపీ) మాత్రం సొంత కాలిక్యులేటర్ నుంచే తీసుకోవాలి. ఎవరో పెట్టింది దించుకోవద్దు, అది కంపెనీ సొత్తు.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఇంకా 8085 మైక్రోప్రాసెసర్ కిట్లే. హెక్స్ కోడ్లు కొట్టి కొట్టి విసుగొస్తోంది. బయట ఎక్కడా పనికిరాని చదువు కదా మేడమ్?
— డిప్లొమా విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: అమ్మాయీ, ఆ కిట్ల ముందు ఉద్యోగమంతా గడిపిన మనిషిని పట్టుకుని ఆ మాట అంటావా?

పై గుణుపురం కుర్రాడి మిషనులో జెడ్80 ఉందన్నాను కదా. 1974 నాటి ఇంటెల్ 8080 ప్రాజెక్టును నడిపించిన ఫెడెరికో ఫాజిన్ బయటికొచ్చి జైలాగ్ పెట్టి, 1976లో జెడ్80 తెచ్చాడు. పాత 8080 కోడ్లు అందులో నడవాలన్నది అతని పట్టు. ఇంటెల్ తన 8085ను కూడా ఆ 8080 మీదే కట్టింది. అందువల్ల నువ్వు విసుక్కుంటూ బట్టీపట్టిన కోడ్లలో దాదాపు అన్నీ ఆ కాలిక్యులేటర్‌కు అర్థమవుతాయి. 3ఈ అంటే నీకు ఎంవీఐ ఏ, జెడ్80 వాళ్లకు ఎల్‌డీ ఏ, పేరే వేరు. సీడీ అంటే కాల్ (వేరే ముక్కను పిలవడం), సీ9 అంటే రెట్ (పిలిచిన చోటికి తిరిగి రావడం). జాగ్రత్త పడాల్సింది 20, 30 దగ్గర. నీ కిట్‌లో అవి రిమ్, సిమ్. జెడ్80లో షరతు మీద దూకే ఆజ్ఞలు.

కొన్ని కిట్లలో ప్రోగ్రాం చివర ఆర్‌ఎస్‌టీ 5 రాయిస్తారు, కోడు ఈఎఫ్. నలుపు తెలుపు తెర ఉన్న టీఐ-84 ప్లస్‌లో అదే ఈఎఫ్‌కు గొప్ప ఉద్యోగం ఉంది. దాని వెనక రెండు బైట్ల చిరునామా తలకిందులుగా రాస్తే, ఓఎస్ (మిషనును నడిపే సాఫ్ట్‌వేర్) లోపలి పనివాణ్ణి పిలిచినట్టు. తెర తుడిచేవాడి చిరునామా 4540. కేటలాగ్ నుంచి అసెంబ్లీ ప్రోగ్రాం అన్న గుర్తు తెచ్చి పెట్టి, దాని తర్వాత ఈఎఫ్ 40 45 సీ9 అని కొట్టు. నాలుగే బైట్లు. అసెంబ్లీ ఆజ్ఞతో నడిపితే తెర ఖాళీ అవుతుంది. కంప్యూటర్ లేదు, కేబుల్ లేదు, అచ్చం మీ ల్యాబ్‌లాగే. చివర హెచ్‌ఎల్‌టీ (ఆగు) పెట్టకు, రెట్ పెట్టాలి.

ఒక్క బైటు తప్పినా ర్యామ్ అంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. మిగతా ప్రోగ్రాంలను ముందే ఆర్కైవ్ అనే విడి జాగాలోకి పంపు. అక్కడ ఉన్నవి సాధారణంగా క్షేమం.

ప్రశ్న: నా రంగుల టీఐ-84 ప్లస్ సీఈలో సీ భాషలో రాసిన ఆటలు నడిచేవి. ఓఎస్ అప్‌డేట్ చేశాక ఒక్కటీ తెరుచుకోవడం లేదు. పాడైందా?
— ఒక పాఠకుడు, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: పాడవలేదు, మూసేశారు. అసెంబ్లీ (ప్రాసెసర్‌కు నేరుగా ఇచ్చే కోడ్లు), సీ ప్రోగ్రాంలు నడిచే దారిని కంపెనీ 2020లో కొత్త ఓఎస్‌తో తీసేసింది. పరీక్షల భద్రత కోసం అన్నారు. బేసిక్ మాత్రం మిగిలింది. సరదారాయుళ్లు ఊరుకుంటారా, ఆర్టిఫిస్ అనే ఉపాయంతో మళ్లీ దారి తెరిచారు. మీ ఓఎస్ వెర్షన్‌కు అది పనిచేస్తుందో లేదో ముందు చూసుకోండి. ఇకమీదట అప్‌డేట్ అనగానే ఊ కొట్టకండి.

ఈ పేచీ కొత్తది కాదు. 2009లో టీఐ-83 ప్లస్ ఓఎస్‌కు కంపెనీ వేసే డిజిటల్ సంతకం తాళాన్ని ఒక ఔత్సాహికుడు ఛేదించాడు. 512 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళం అది, అంటే నూట యాభైకి పైగా అంకెలున్న సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం. మనం ఎనిమిదో తరగతిలో చేసే లెక్కే, కాస్త పెద్దది! కంపెనీ నోటీసులిచ్చింది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ ఔత్సాహికుల పక్షాన నిలబడింది.

పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌గా తిరిగినదాన్ని కాబట్టి కంపెనీ భయం నాకు అర్థమవుతుంది. అయినా డబ్బు పోసి కొన్న వస్తువును ఇంట్లో ఎలా వాడుకోవాలో కొన్నవాడి ఇష్టం. పరీక్ష రోజుకు పరీక్ష మోడ్ ఉండనే ఉంది.

ప్రశ్న: నేను ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. మా చెల్లికి తెలుగు అక్షరాలు రావు. నా టీఐ-84 ప్లస్‌లో అక్షరాల ఆట చేయాలని ఉంది. తెలుగు ఎలా వస్తుంది?
— తొమ్మిదో తరగతి అమ్మాయి, రాయగడ

జవాబు: తల్లీ, దానిలో తెలుగు లేదు, నువ్వే బొమ్మగా గీయాలి. 8 చుక్కల గడి ఇంగ్లీషుకు చాలుతుంది. మన తలకట్లకూ గుడులకూ చాలదు. 16 అడ్డం 16 నిలువు తీసుకో. గళ్ల లెక్కల పుస్తకంలో పెన్సిల్‌తో ముందు గీసి, దూరం నుంచి చెల్లికి చూపించు. ఘ, ఝ, ఋ దగ్గర తంటా పడతావు. వత్తుల జోలికి ఇప్పుడే పోకు.

తెర మీద అలాంటి గళ్లు వరసకు 5, మూడు వరసలు హాయిగా పడతాయి. మొత్తం 15. అ నుంచి అః దాకా, వాడుకలో లేని ౠ లాంటివి వదిలేస్తే, సరిగ్గా 15 లెక్కకొస్తాయి! ఒక్కసారి పిక్సెల్-ఆన్‌తో ఓపిగ్గా గీసి, స్టోర్-పిక్‌తో దాచెయ్. ఇక గీయనక్కర్లేదు, రీకాల్-పిక్ అనగానే పలక మొత్తం ఒక్కసారి వస్తుంది. ఒక్కో బొమ్మకు 756 బైట్లు, అలాంటివి పది దాచుకోవచ్చు. హల్లులకు మూడు బొమ్మలు పడతాయి, ఇంకా ఆరు మిగులుతాయి.

ఆట సంగతి: మిషను ఒక అంకె ఇస్తుంది, నువ్వు కాగితం చూసి ఆ అక్షరం పేరు పైకి చదువుతావు. చెల్లి బాణాలతో గడి చుట్టూ ఉన్న గీతను జరిపి, ఆ అక్షరం మీదికి తెచ్చి ఎంటర్ నొక్కాలి, దాని కోడు 105. గీత జరిపేటప్పుడు పలకంతా మళ్లీ పిలవకు. పాత గీత చెరిపి కొత్తది గీయి. ఎందుకో గుణుపురం అన్నయ్యకు ఇచ్చిన జవాబులో ఉంది, చదువుకో. గళ్ల కాగితం ఇంకోటి ఉంటే మాకూ పంపు, వచ్చే నెల అచ్చు వేయిస్తాను.