చిన్న లాక్‌లు మంచివే, కానీ ఏ ఆబ్జెక్ట్ మీద వేస్తున్నారు?

జావాలో బుకింగ్ మెథడ్ మొత్తానికి సింక్రనైజ్డ్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే, అంటే ఒక్క పనినే లోపలికి వదిలే లాక్) పెడితే బాగా స్లో అయింది, రికార్డుకో లాక్ పెడితే రేస్ కండిషన్ (ఇద్దరు ఒకేసారి ఒకే డేటాను మార్చడంతో వచ్చే తప్పు) వస్తుందా అని అడిగారు. లాక్ సరిగ్గా పడితే రాదు. మా దగ్గర పడలేదు.

మాది బస్సు టికెట్ల సాఫ్ట్‌వేర్. లాక్ మొత్తానికీ ఒకటే కావడంతో విజయవాడ బస్సులో ఒకరు సీటు బుక్ చేస్తుంటే తిరుపతి బస్సు వాళ్ళు కూడా ఆగాల్సి వచ్చేది. సంక్రాంతి రద్దీ మొదలయ్యేలోపు నేనే కూర్చుని సర్వీసుకో లాక్ అని మార్చాను. సర్వీస్ ఐడీ ఇంటీజర్ టైప్ (మామూలు int అంకెను ఆబ్జెక్ట్‌గా చుట్టేది), సింక్రనైజ్డ్ బ్రాకెట్లో నేరుగా దాన్నే పెట్టేశాను. టెస్టింగ్‌లో 50 థ్రెడ్లతో గంటసేపు బాదాం, ఒక్క సీటు డబుల్ కాలేదు. లైవ్‌కి వెళ్ళిన రెండో రాత్రే ట్రావెల్స్ ఆఫీసు నుంచి ఫోన్. 14వ నంబరు సీటు దగ్గర ఇద్దరు నిలబడ్డారు, ఒకావిడ చంకలో చంటిపిల్ల, ఇద్దరివీ సరైన టికెట్లే.

తెల్లవారుజామున 3 గంటలకు దొరికింది. int విలువను ఇంటీజర్‌గా మార్చేటప్పుడు జావా -128 నుంచి 127 వరకు ఒక్కో అంకెకు ఎప్పుడూ అదే ఆబ్జెక్ట్ ఇస్తుంది. మా టెస్ట్ ఐడీలు 1 నుంచి 40. లైవ్‌లో ఉన్నవి 4812 లాంటివి, రిక్వెస్ట్ రిక్వెస్ట్‌కీ కొత్త ఆబ్జెక్టే, లాక్ పడేది అంకె మీద కాదు, ఆబ్జెక్ట్ మీద, ఇక ఎవరి లాక్ వాళ్ళదే కదా! కన్‌కరెంట్ హ్యాష్‌మ్యాప్‌లో (చాలా థ్రెడ్లు ఒకేసారి వాడగల పట్టిక) కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్‌తో (లేకపోతేనే కొత్తది పెట్టే మెథడ్) ఐడీకి ఒకే లాక్ ఆబ్జెక్ట్ ఇచ్చాక ఆగింది, ఎందుకంటే మ్యాప్ ఐడీలను ఆబ్జెక్ట్‌ని బట్టి కాదు, అంకె విలువను చూసి పోలుస్తుంది.

ఇంటర్వ్యూల్లో హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుందో గంటసేపు అడుగుతారు, ఈ లాక్ ఏ ఆబ్జెక్ట్ మీద పడుతోంది అని ఒక్కరూ అడగరు, నాకు ఇది నిజంగా బాధ. జావా 16 నుంచి కంపైలరే ఇంటీజర్ మీద సింక్రనైజ్ చేస్తే వార్నింగ్ ఇస్తోంది, దాన్నీ చూడకుండా బిల్డ్ చేసేస్తున్నారు.

ఇంకోటి, ఒక బస్సు నుంచి ఇంకో బస్సుకి సీటు మార్చేటప్పుడు రెండు లాక్‌లు కావాలి. ఎప్పుడూ చిన్న ఐడీదే ముందు తీసుకోండి, లేకపోతే డెడ్‌లాక్, ఒకరి లాక్ కోసం ఇంకొకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఆగిపోతారు. సర్వర్లు రెండు ఉంటే ఈ లాక్‌లేవీ చాలవు, సర్వీసు, తేదీ, సీటు కలిపి డేటాబేస్‌లో యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే కలయిక రెండోసారి రాకుండా ఆపే నియమం) ఉండాల్సిందే.

మీ సింక్రనైజ్డ్ బ్రాకెట్లో ఏముందో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.