టైనీటుయా ప్లగ్గుని బల్బు అనుకుంటోందా? 20 విలువ చూడండి

టైనీటుయాతో (టుయా స్మార్ట్ పరికరాల్ని ఇంటి నెట్‌వర్క్ నుంచే నడిపే పైథాన్ లైబ్రరీ) రాసిన మీ స్క్రిప్టు వంటింటి ప్లగ్గుని బల్బుగా చూపిస్తోంది, హాల్లో ఉన్న అసలు బల్బేమో ఏ కమాండుకీ పలకట్లేదు అన్నారు. కందుకూరులో మా ఇంట్లో కూడా టుయా బల్బులు, కరెంటు కొలిచే ప్లగ్గులు కలిసే ఉన్నాయి. పెట్టె మీద పేరు, యాప్‌లో మనం పెట్టిన పేరు దీనికి పనికిరావు. స్టేటస్ అడిగితే వచ్చే డీపీఎస్ నంబర్లే (పరికరంలో ఒక్కో పనికి ఒక్కో నంబరు, దాని పక్కన విలువ) చూడాలి.

పాత రకం బల్బులు 1 నుంచి 5 వరకు వాడతాయి: 1 ఆన్ ఆఫ్, 3 వెలుగు, 5 రంగు. కొత్తవాటిలో అవే పనులు 20, 22, 24కి మారాయి. కొత్త బల్బుకి 1 మీద ఆన్ పంపితే అదెందుకు పలుకుతుంది? కొలతలూ వేరే. పాతదానికి వెలుగు 255 దాకా, కొత్తదానికి 1000 దాకా. పూర్తి వెలుగు అనుకుని 255 పంపితే కొత్త బల్బు పావు వంతు వెలుగుతుంది, బల్బు పాడైందేమోనని మనకు టెన్షన్.

ఇక ప్లగ్గు సంగతి. మీ కోడ్‌లో "20 ఉంటే బల్బు" అని రాసుంటారు. కరెంటు కొలిచే ప్లగ్గులు చాలావాటిలో 18 మిల్లీ ఆంపియర్లు, 19 పవరు, 20 వోల్టేజీ. మా ప్లగ్గులో ఎండాకాలం సాయంత్రం ఏసీలన్నీ వేశాక 20 దగ్గర 2050 కనపడుతుంది, అంటే 205 వోల్టులు (మా వీధి లైను అంతే లెండి). బల్బులో అదే 20 దగ్గర ట్రూ గానీ ఫాల్స్ గానీ ఉంటుంది. కాబట్టి నంబరు ఉందా లేదా అని కాదు, దాని విలువ ఏ రకమో చూడాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది: పైథాన్ లెక్కలో ట్రూ కూడా ఇంటీజరే, అందుకని ముందు బూల్ (ట్రూ, ఫాల్స్ రకం) అవునో కాదో అడగండి. 1 ఒక్కదాన్నీ నమ్మొద్దు, ప్లగ్గుకీ పాత బల్బుకీ అదే స్విచ్. 22 గానీ 3 గానీ తోడుంటేనే బల్బు అనుకోండి. 24 గానీ 5 గానీ లేకపోతే రంగుల బటన్ చూపించకండి.

టైనీటుయా విజార్డ్ తయారుచేసే డివైసెస్ ఫైల్లో కేటగిరీ కూడా ఉంటే ఇంకా సులువు. 'డీజే' అంటే లైటు, 'సీజెడ్' అంటే సాకెట్టు.

తేలిన రకాన్ని డివైస్ ఐడీ పక్కన రాసి దాచుకోండి, ఐపీ పక్కన వద్దు. కరెంటు పోయి వస్తే రూటరు ఐపీలు మార్చేయొచ్చు. పైగా అమ్మ గోడ స్విచ్ కట్టేస్తే బల్బు జవాబే ఇవ్వదు, అప్పుడు దాచినదే దిక్కు. 914 ఎర్రర్ వస్తుంటే మాత్రం రకం జోలికి పోకండి. లోకల్ కీ (పరికరంతో మాట్లాడటానికి కావాల్సిన రహస్య కోడ్) గానీ, 3.3, 3.4 లాంటి ప్రోటోకాల్ వెర్షన్ గానీ తప్పు. యాప్‌లో తీసేసి మళ్లీ కలిపితే కీ మారుతుంది.