ఆ చేతికి సాక్సు తీసేయండమ్మా

ప్రశ్న: మేడమ్, మాది పరకాల దగ్గర ఊరు. పెళ్లయి మూడేళ్లయింది. పోయిన డిసెంబర్ రెండో వారంలో, నెలలు నిండాకే పాప పుట్టింది. ఇప్పుడు ఆరు నెలలు. పాప ఎడమచేయి చిన్నగా ఉంది. బొటనవేలు బాగానే ఉంది కానీ మిగతా నాలుగు వేళ్లు శనగగింజలంతే ఉన్నాయి, అందులో రెండు అతుక్కుని ఉన్నాయి. ఐదో నెల స్కాన్‌లో అంతా బాగుందన్నారు. గ్రహణం రోజు సాయంత్రం నేను బీరకాయ కోశానని, అందుకే ఇట్లయిందని మా అత్తమ్మ అంటుంది. నిజమే, కోశాను. మా ఆయన ఏమీ అనరు, అసలు ఆ చేయి గురించే మాట్లాడరు. పాప ఎడమచేతికి ఎప్పుడూ సాక్సు తొడిగి ఉంచుతున్నా. అత్తమ్మ మొక్కుకుందని మేడారంలో బెల్లం తూకానికి నన్నూ పాపనూ కూర్చోబెట్టినప్పుడు కూడా టవల్ కప్పాం. రాత్రిళ్లు నిద్ర పట్టదు. తప్పు నాదేనా? చేయి బాగవుతుందా? ఇంకో బిడ్డకూ ఇట్లనే అవుతుందా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ సాక్సు దగ్గరే ఆగిపోయాను. దాని సంగతి చెప్పాలి, కానీ ముందు బీరకాయ సంగతి తేల్చుకుందాం. అది మీ గుండెల మీద ఉన్నంతసేపూ నేను చెప్పే ఇంకే మాటా మీ చెవికెక్కదు.

ఇంట్లో క్యాలెండర్ ఉంటే తీయండి. మీరు చెప్పిన గ్రహణం 2025 సెప్టెంబర్ 7, ఆదివారం రాత్రి పట్టిన చంద్రగ్రహణం. డిసెంబర్ రెండో వారంలో నెలలు నిండి పుట్టిన పాప అంటే, మీ కడుపున పడింది మార్చి చివర్లో, ఉగాదికి కాస్త ముందో వెనకో. శ్రీరామనవమి నాటికి మీకు నెల తప్పి ఉంటుంది. కడుపున పడిన నాలుగో వారంలో బిడ్డ భుజం దగ్గర చిన్న మొగ్గ లేస్తుంది. వారం తిరిగేసరికి అది తెడ్డులా సాగుతుంది. అప్పటికి వేళ్లు విడిగా ఉండవు, బాతు కాలిలా అంతా ఒకే పలక. ఆ తర్వాత వేళ్ల మధ్య ఉన్న కణాలు వాటంతటవే రాలిపోయి ఒక్కొక్క వేలూ విడివడుతుంది. ఎనిమిదో వారం ముగిసేసరికి చేయి రూపం పూర్తయిపోతుంది. మీ పాప లెక్కలో అది మే నెల మూడో వారం. ఆ తర్వాత చేయి పెరగడమే తప్ప కొత్తగా తయారయ్యేది ఏదీ లేదు.

సెప్టెంబర్ 7న మీకు ఆరో నెల. పాప చేతికి ఏం జరిగిందో అది అప్పటికి దాదాపు నాలుగు నెలల కిందటే జరిగిపోయింది. ఆ సాయంత్రం మీరు బీరకాయ కోసినా, మంచం దిగకుండా పడుకున్నా పాప ఇదే చేత్తో పుట్టేది.

ఈ లెక్క అత్తమ్మకూ చెప్పండి, కానీ గెలవడానికి చెప్పకండి. మన దగ్గర పెదవి చీలి పుడితే 'గ్రహణం మొర్రి' అంటాం. పేరులోనే గ్రహణం ఉంది. అంత పాత నమ్మకాన్ని ఆవిడ సొంతంగా పుట్టించలేదు, ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఆవిడకూ ఎవరో చెప్పే ఉంటారు. పైగా ఆ మనిషే మనవరాలి కోసం సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కింది కదా. పాప మీద ప్రేమ లేని నాయనమ్మ బెల్లం తూయించదు. ఆవిడకు భయం, ఆ భయానికి ఒక కారణం కావాలి, ఎదురుగా మీరు దొరికారు. మిమ్మల్ని అనడం న్యాయమని నేననను, కానే కాదు. కానీ ఈ మనిషిని మీ పక్కకు తెచ్చుకోవచ్చు. అందుకే డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆవిడనూ వెంట తీసుకెళ్లండి. "అమ్మా, ఇది కోడలి తప్పు కాదు" అన్న మాట కోడలి నోటి నుంచి వస్తే ఒకలా ఉంటుంది, డాక్టరు నోటి నుంచి వస్తే ఇంకోలా ఉంటుంది.

మరి ఎందుకిలా జరిగింది అంటారా? ఒక్క చేతికే ఉండటం, అదీ ఎడమచేయి కావడం, బొటనవేలు బాగుండి మిగతా వేళ్లు మొగ్గల్లా ఆగిపోవడం. ఈ లక్షణాలన్నీ వైద్యులు సింబ్రాకిడాక్టిలీ అనే రకానికి సరిపోతున్నాయి. చేతిని చూసి, ఎక్స్‌రే తీసి ఖాయంగా చెప్పాల్సింది మాత్రం డాక్టరే. ఆ తొలి వారాల్లో చేతి మొగ్గకు రక్తం అందడంలో ఏదో అడ్డు పడటం వల్ల ఇది వస్తుందని వైద్యుల అభిప్రాయం. తల్లి తిండి వల్లా కాదు, పని వల్లా కాదు. మందుల వల్ల చేతులు దెబ్బతిన్న సందర్భాలు లేకపోలేదు. 1957 నుంచి 1961 దాకా థాలిడోమైడ్ అనే గోలీని వేవిళ్లకు కూడా వాడితే పలు దేశాల్లో 10,000 మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడక పుట్టారు. ఆ తొలి నెలల్లో మీరు ఏవైనా గోలీలు వేసుకుని ఉంటే ఆ చీటీ డాక్టరుకు చూపించండి. పీహెచ్‌సీలో ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ వల్ల ఇలా జరగదు, దాని మీద అనుమానం పెట్టుకోకండి.

స్కాన్ మాటకొస్తే, ఐదో నెలలో బిడ్డ పిడికిలి బిగించి ఉంటే వేళ్లు కనిపించకుండా పోవడం మామూలే. కనిపించినా కడుపులో ఉండగా చేసే వైద్యం లేదు. స్కాన్ చేసినవాళ్ల మీద కోపమేమైనా ఉంటే వదిలేయమని మీ ఆయనకు చెప్పండి. ఆయన మౌనం కోపమో బాధో నాకు తెలియదు, మీకూ ఇంకా తెలియదు. ఒక రాత్రి పాపను ఆయన ఒళ్లో పెట్టి, ఆ చేతిని ఆయన చేతిలో పెట్టి, మీరు మాట్లాడకుండా కూర్చోండి. ఏమైనా అడిగితే ఆయన్నే అడగనివ్వండి.

ఇప్పుడు సాక్సు. ఆరు నెలల పిల్ల లోకాన్ని చూసేది సగం నోటితో, సగం చేతులతో. గిలక్కాయను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకోవడం సరిగ్గా ఈ వయసులోనే మొదలవుతుంది. మీ పాపకు ఆ ఎడమచేతిలో మంచి బొటనవేలుంది, అరచేయి ఉంది, చర్మం నిండా స్పర్శ ఉంది. బొటనవేలూ అరచేయీ కలిస్తే పట్టు దొరుకుతుంది. దానికి మీరు గుడ్డ చుట్టేశారు. ఎవరైనా చూస్తారని మీరు తొడిగారు, పాపకేమో ఆ చేయి ఉందన్న సంగతే తెలియకుండా పోతోంది. పుట్టుక తేడా కంటే ఈ కప్పడం వల్లే ఆ చేయి ఎక్కువ వెనకబడుతుందని నా భయం. ఇంకో రెండేళ్లు పోతే ఆ చేతిని పాపే దాచుకోవడం మొదలుపెడుతుంది. ఎవరూ నేర్పక్కర్లేదు, మీరు దాచడం చూసే నేర్చుకుంటుంది.

హనుమకొండలో ఒక అపార్ట్‌మెంట్‌లో నేను చూసిన పాప సంగతి చెబుతాను. తొమ్మిదేళ్లుంటాయి, ఇలాంటి చెయ్యే. ఎంగిలిపూల రోజు పొద్దున మెట్ల మీద కూర్చుని సిబ్బిలో బతుకమ్మ పేరుస్తోంది. సిబ్బి కదలకుండా అంచును ఆ చిన్నచేత్తో ఒళ్లోకి అదిమి పెట్టింది. కుడిచేత్తో గునుగు కట్టలు సర్ది, కాడల చివర్లు ఒక్కసారిగా తుంచింది. దారం ముడి వేయాల్సి వస్తే ఒక కొస పళ్లతో పట్టి, రెండో కొసను ఆ బుడిపెల మధ్య ఇరికించి లాగింది. పక్కనున్న పిల్లలెవరూ ఆ చేతి వంక చూడటం లేదు, తంగేడు పూలు అయిపోయాయని గొడవ పడుతున్నారు. వాళ్లమ్మను అడిగితే, "మేమెన్నడూ కప్పలేదు మేడమ్, పిల్లకు అదే అలవాటైంది" అంది.

వైద్యానికి 'ఏడాది దాటాక' అని ఆగకండి, ఇప్పుడే చూపించండి. అతుక్కున్న వేళ్లను విడదీసే ఆపరేషన్ సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ల మధ్య చేస్తారు. కొందరు పిల్లలకు కాలివేలి చిన్న ఎముకను తెచ్చి చేతివేలిలో పెడతారు. అది ఏడాదిన్నర లోపు చేస్తేనే ఆ ఎముక బాగా పెరిగే అవకాశం ఉంటుంది. అందుకే ముందే చూపించాలి. మీ పాపకు ఇవి అవసరమా కాదా అన్నది చేతి సర్జరీ తెలిసిన ప్లాస్టిక్ సర్జన్ గానీ, పిల్లల ఎముకల డాక్టర్ గానీ చెప్పాలి. ఒక్క మాట నిజంగా చెబుతున్నా, ఏ ఆపరేషన్‌తోనూ అది కుడిచేతిలా అవదు. పట్టు పెరగడానికే ఆపరేషన్. కొందరు పిల్లలు ఏ ఆపరేషనూ లేకుండానే అన్ని పనులూ చేసుకుంటారు, అక్కర్లేదని డాక్టరు అంటే నిరాశ పడకండి. పసరు కట్లకూ, నూనె రాసి వేళ్లు లాగేవాళ్ల దగ్గరకూ మాత్రం వెళ్లకండి. పసిదాని చేతికి గట్టిగా కట్టు కడితే ఉన్న రక్తప్రసరణ కూడా పోతుంది.

దారి చెబుతాను. మీ ఊరి ఆశ వర్కర్‌నో, అంగన్‌వాడీ టీచర్‌నో ఆర్‌బీఎస్‌కే టీమ్ గురించి అడగండి. పుట్టుకతో వచ్చే లోపాలను చిన్నప్పుడే గుర్తించి పెద్దాసుపత్రికి పంపడానికి 2013లో మొదలైన పథకం అది. వాళ్లు రాసిచ్చిన చీటీతో వరంగల్ ఎంజీఎంకు వెళ్లండి. అవసరమైతే అక్కడి నుంచి హైదరాబాద్ పంపుతారు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

స్నానం చేయించేటప్పుడు పాప ఛాతీ కూడా చూడండి. ఎడమవైపు కుడివైపు కన్నా చదునుగా ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి, ఈ రకం చేతితో ఒక్కోసారి ఛాతీ కండరం కూడా తక్కువగా ఏర్పడుతుంది.

ఇంకో బిడ్డ గురించి: మీ పాపది నేననుకుంటున్న రకమే అయితే అది దాదాపుగా వంశపారంపర్యంగా రాదు, మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ. మీదీ మీ ఆయనదీ మేనరికమైనా, ఇరువైపులా ఎవరికైనా ఇలాంటి చేతులున్నా డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇది చదువుతున్న మిగతా తల్లులకు ఒక మాట. బొటనవేలే లేకపోయినా, మణికట్టు బొటనవేలి వైపుకు వంగి ఉన్నా అది వేరే సంగతి. అప్పుడు గుండె, కిడ్నీలు, రక్తం పరీక్షలు చేయించాలి. బిడ్డ పాదం లోపలికి తిరిగి పుడితే మొదటి వారాల్లోనే వెళ్లండి. వారానికొకటి చొప్పున ఐదారు ప్లాస్టర్ కట్లతో పోన్సెటి పద్ధతిలో సరిచేస్తారు. తర్వాత మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్ల వయసు దాకా రాత్రిళ్లు ప్రత్యేక బూట్లు మానకుండా వేయాలి.

మీ నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. కాన్పయి ఆరు నెలలైనా నిద్ర పట్టకపోవడం, అన్నింటికీ నేనే కారణం అనిపించడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యముంది. బతకాలనిపించని క్షణం ఒక్కటొచ్చినా వెంటనే ఇంట్లో వాళ్లకు చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు.

చుట్టాలు అడిగితే చెప్పడానికి ఒక్క మాట సిద్ధంగా ఉంచుకోండి: "పుట్టుకతోనే వేళ్లు చిన్నగున్నయి, డాక్టరుకు చూపిస్తున్నం." అంతే, తర్వాత చాయ్ తాగుతారా అని అడగండి. మొదటి నాలుగైదు సార్లు గొంతు వణుకుతుంది, వణకనీయండి.

రేపు పొద్దున నూనె స్నానం అయ్యాక సాక్సు తొడగకుండా పాపను చాప మీద కూర్చోబెట్టి, వెనక దిండు పెట్టండి. చప్పుడు చేసే తేలికపాటి గిలక్కాయను ఎడమవైపు నుంచే అందించండి. ముందు కుడిచేయి వస్తుంది, ఫరవాలేదు, కాసేపు ఆగి మళ్లీ ఎడమవైపే పెట్టండి. ఆ చేత్తో పాప ఏం చేస్తుందో ఫోన్‌లో వీడియో తీసి, డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి. కొత్త మనిషిని చూసి పాప ఏడుస్తుంది, అక్కడ చేయి చాపదు. ఆ వీడియోలో డాక్టరుకు చేయి ఎలా పనిచేస్తోందో కనిపిస్తుంది.