సందేహాలు – సమాధానాలు: ‘శ్రీమాత్రే’ అనాలా, ‘శ్రీమాతాయై’ అనాలా?

సందేహం: మా అపార్ట్‌మెంటులో ఆడవాళ్ళం శుక్రవారం సాయంత్రాలు లలితా సహస్రనామం పారాయణ చేసి, చివర ‘శ్రీమాత్రే నమః’ అని 108 సార్లు జపిస్తాము. ఈ మధ్య చేరిన ఒకావిడ, ‘దుర్గాయై, లలితాయై అన్నట్టు శ్రీమాతాయై అనాలి, మాత్రే తప్పు’ అంటున్నారు. మా చిన్నమ్మాయేమో ‘మాత్రే అంటే మాత్రమేనా?’ అని అడుగుతోంది. ఏది సరి? ఇన్నాళ్ళూ తప్పు జపించి ఉంటే దోషమా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీరు ఇన్నాళ్ళూ జపిస్తున్నదే సరి. అయితే ఆవిడ తర్కాన్ని నేను కొట్టిపారేయను. ఆ పొరపాటు పుట్టింది సంస్కృతంలో కాదు, తెలుగులో. రమా, మాతా అనే రెండు ప్రథమా రూపాలూ మనదాకా వచ్చేసరికి హ్రస్వమై రమ, మాత అని కవలపిల్లల్లాగా నిలబడతాయి. రమకు ‘రమాయై’ అయినప్పుడు మాతకు ‘మాతాయై’ ఎందుకు కాకూడదని తెలుగు చెవి అడుగుతుంది. కాని మాత అసలు పుట్టుక ‘మాతృ’. చతుర్థీ విభక్తిలో, అంటే ‘తల్లికి’ అనే అర్థంలో, ఆ ఋకారం రేఫగా (‘ర’గా) మారి, పిత్రే, ధాత్రే అన్నట్టే ‘మాత్రే’ అవుతుంది. ఆ ఋకారం తెలుగులో చచ్చిపోలేదు, సమాసాలలో దాక్కుని ఉంది. మాతృభాష అంటాము గాని ‘మాతభాష’ అనము. తరిగొండ వెంగమాంబను మాతృశ్రీ అని గౌరవిస్తాము. ‘మాతాయై’ని ఎలాగైనా నిలబెట్టాలనుకునేవారు భాగురి అనే ప్రాచీన వైయాకరణుడి మతాన్ని అడ్డం పెట్టుకోవచ్చు. వాచ్, దిశ్ వంటి మాటల చివర ఆకారం చేర్చి వాచా, దిశా అనవచ్చునని ఆయన అన్నాడు. అయితే ఆ సౌకర్యం హలంతాలకు, అంటే హల్లుతో ముగిసే మాటలకు. మాతృ హలంతం కాదు కనుక ఆ తలుపు కూడా మూసే ఉంది.

మీ అమ్మాయి అడిగిన ‘మాత్రమే’, వైద్యుడిచ్చే మాత్ర, ఛందస్సులో లెక్కపెట్టే మాత్ర, ఇవన్నీ కొలతకు సంబంధించిన మాటలు. ఇక్కడి మాట వేరు.

ఇక సహస్రనామంలో మొదటి పేరు ‘శ్రీమాతా’, చివరి పేరు ‘లలితాంబికా’. అంటే అమ్మతో మొదలై అమ్మతోనే ముగుస్తుంది. ఈ అమ్మ మాటల గురించి నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి ఉంది; మీరు అడగకపోయినా చెప్పకుండా ఉండలేను.

రమా శబ్దాన్ని పిలుపులో ‘హే రమే’ అంటాము. ఆ లెక్కన అంబా శబ్దానికి ‘హే అంబే’ అని రావాలి. కాని పాణిని ‘అంబార్థనద్యోర్హ్రస్వః’ (7.3.107) అనే సూత్రంతో అమ్మ అని అర్థం వచ్చే మాటలకు ప్రత్యేకమైన మినహాయింపు ఇచ్చి, పిలిచేటప్పుడు చివరి దీర్ఘాన్ని హ్రస్వం చేశాడు. దీనికి పాణిని సూత్రాల వ్యాఖ్యానమైన కాశికావృత్తి చూపిన ఉదాహరణలు మూడు: హే అంబ, హే అక్క, హే అల్ల. రెండవ దాని దగ్గర తెలుగువాడెవడైనా ఆగక తప్పదు. మన ఇంట్లో తోడబుట్టిన పెద్దపిల్ల అయిన అక్క, సంస్కృత వైయాకరణుల ఇంట్లో కన్నతల్లి! ద్రావిడ భాషల నుంచి సంస్కృతంలోకి పోయిన మాటల పట్టికలో, ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వ్రాసిన కాల్డ్‌వెల్ 1856లోనే దీనిని చేర్చాడు. పసిపిల్లల నోట పలికే ఇలాంటి మాటలు ఏ భాషలోనైనా తమంతట తామే పుట్టగలవు కనుక ఇది తేలిపోయిన విషయమని నేను అనను. కాని మన ఊళ్ళలో ‘అక్కదేవతలు’ అని పిలిచి పూజించే స్త్రీదేవతలను తలచుకున్నప్పుడు, అక్క అనే మాటకు మన నేలమీద కూడా తోబుట్టువును మించిన పెద్దరికం ఉన్నట్టే తోస్తుంది.

తెల్లవారుజామున బుడబుక్క వాయించుకుంటూ వీధిలోకి వచ్చి ‘అంబ పలుకు, జగదంబ పలుకు, కంచి కామాక్షి పలుకు’ అనేవాడు గుర్తున్నాడా? అతని ‘అంబ’ను సంబోధనగా తీసుకుంటే పాణిని సూత్రానికి అక్షరాలా సరిపోతుంది. తెలుగులో ఆ మాట ఎలాగూ హ్రస్వాంతమే కాబట్టి అతను పాణిని అష్టాధ్యాయి చదువుకుని వచ్చాడని నేను వాదించబోవడం లేదు. కాని ఈనాడు మైకుల్లో వినబడే ‘హే జగదంబే’ కన్నా అతని పలుకే శుద్ధమైనదని చెప్పక తప్పదు. ఆ ‘అంబే’ హిందీ హారతి పాటల వెంట మన గుళ్ళలోకి వచ్చింది. హిందీవారికి అది ఒప్పే కావచ్చు, సంస్కృతమనుకుని మనం అరువు తెచ్చుకోవడమే బాగులేదు. అంబికకు మాత్రం ‘అంబికే’ అనే రావాలి, దానికి వేరే వార్తికం (సూత్రానికి చేర్చిన సవరణ) ఉంది. మాతృ శబ్దానికి పిలుపు ‘మాతః’. శంకరుల పేర ప్రసిద్ధమైన అపరాధక్షమాపణ స్తోత్రంలో ‘జగన్మాతర్మాతస్తవ చరణసేవా న రచితా’ అని ఒకే పాదంలో రెండుసార్లు, వెక్కివెక్కి పిలిచినట్టు, వస్తుంది.

సంస్కృతంలో అమ్మను పిలవడానికి ఇన్ని సూత్రాలు కావలసివస్తే, పోతన ఒక్క ఉత్పలమాలలో ఆ పని ముగించాడు. ‘అమ్మలఁ గన్న యమ్మ, ముగురమ్మల మూలపుటమ్మ’ అనే పద్యాన్ని వేళ్ళు మడిచి లెక్కపెట్టండి, పది సార్లు అమ్మ వస్తుంది. అది చాలదన్నట్టు ‘నమ్మిన’, ‘మనమ్ముల’ అనే మాటల్లో కూడా అమ్మ ధ్వని మోగుతూ ఉంటుంది. ‘మాయమ్మ’ అన్నచోట మా అమ్మ అనీ, మాయ అయిన అమ్మ అనీ రెండూ తోస్తాయి. చివరనున్న ‘మహత్త్వ కవిత్వ పటుత్వ సంపదల్’ అనే నాలుగింటిలో ఓం, ఐం, హ్రీం, శ్రీం అనే నాలుగు బీజాక్షరాలను పోతన నిక్షేపించాడనీ, ఉపదేశం లేనివారు కూడా నిర్భయంగా చదువుకోవచ్చుననీ సంప్రదాయజ్ఞులు చెబుతారు. అది పోతన ఉద్దేశించినదేనా అని నన్ను అడగకండి. నేను ఆ పద్యం చదివేది అమ్మ కోసం.

దోషం మాటకు వస్తాను. ‘మూర్ఖో వదతి విష్ణాయ, విద్వాన్ వదతి విష్ణవే’ అని ఒక పాత శ్లోకం ఉంది. చూడండి, అక్కడి పొరపాటు కూడా సరిగ్గా మీరు చెప్పిన కొత్తావిడది వంటి చతుర్థీ పొరపాటే. దేవుడు భావగ్రాహి కనుక ఇద్దరికీ పుణ్యం సమానమేనని ఆ శ్లోకం తీర్పు. ‘మంత్రో హీనః స్వరతో వర్ణతో వా’ అని, స్వరమో వర్ణమో తప్పిన మంత్రం గురించి శిక్షాకారులు (వేదోచ్చారణ శాస్త్రకారులు) బెదిరించేది స్వరంతో కూడిన వేదమంత్రాల విషయంలో. శుక్రవారం నామజపానికి ఆ భయం అంటగట్టనక్కరలేదని నా అభిప్రాయం. దీక్షాపరులు ఒప్పుకోకపోవచ్చు, వారితో నాకు తగవు లేదు. కాని తెలియక అన్నవారికి ఇచ్చిన ఆ మినహాయింపును, తప్పుల తడకగా పుస్తకాలు అచ్చువేసేవారూ, వీడియోల కింద ‘లక్ష్మీయే నమః’, ‘లక్ష్మ్యాయై నమః’ అని పెద్ద అక్షరాలతో వేసేవారూ తమ ఖాతాలో వేసుకుంటామంటే మాత్రం కుదరదు. లక్ష్మ్యై, సరస్వత్యై, శ్రియై, దుర్గాయై. ఇందులో అంత కష్టమేముంది? ‘నమో దేవ్యై మహాదేవ్యై శివాయై సతతం నమః’ అని దుర్గాసప్తశతి చదివే నోటికి రెండు రకాల రూపాలూ ఆ ఒక్క పంక్తిలోనే అలవాటవుతాయి.

ఈ మధ్య నాకొక గృహప్రవేశ శుభలేఖ వచ్చింది. దానిమీద ‘శ్రీమాత్రే అనుగ్రహంతో’ అని ఉంది. ‘తల్లికి అనుగ్రహంతో’ అన్నట్టయింది; ‘శ్రీమాత అనుగ్రహంతో’ అంటే చక్కగా ఉండేది. అయితే ‘తల్లికి నమస్కరిస్తున్నాను’ అనే పూర్తి వాక్యమైన ‘వందేమాతరం’ ఒకప్పుడు తెలుగులో నామవాచకమై, 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించిన ఉద్యమానికే పేరై కూర్చున్నది. దానిని ఎవరూ తప్పుపట్టలేదు, నేనూ పట్టను. ‘శ్రీమాత్రే’ కూడా అలా స్థిరపడిపోయి, రేపటి నిఘంటుకారులు దానిని కూడా ఒక పదంగా ఎక్కిస్తారేమో చెప్పలేను. ప్రస్తుతానికి ఆ శుభలేఖ మీద ‘త్రే’ కొట్టివేసి ఎర్రసిరాతో ‘త’ వ్రాసి దాచుకున్నాను. గృహప్రవేశానికి వెళ్ళి భోజనం కూడా చేసి వచ్చాను. దిద్దిన సంగతి వారితో అనలేదు.