దోమల మందు మార్చే ముందు నీళ్ళ ట్యాంకు మూత తీసి చూడండి

మీ ఇంట్లో ఒకరికి మలేరియా వచ్చి తగ్గింది, సాయంత్రం కాగానే కాయిల్స్, లిక్విడ్ మెషిన్ రెండూ పెడుతున్నారు, అయినా దోమలు పోవడం లేదు, ఇంతకన్నా మంచి మందు ఉందా అని అడిగారు. రెండేళ్ళ క్రితం సరిగ్గా ఇదే టెన్షన్ మేమూ పడ్డాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక మధ్యాహ్నం చలి అంటూ ముడుచుకుని పడుకుంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగేంత వణుకు, పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. తర్వాత ఒళ్ళు కాలిపోయింది. ఇంకాసేపటికి చెమటలు పట్టి గౌను మొత్తం తడిసిపోయింది. మర్నాడు ఏమీ జరగనట్టు ఆడుకుంది. హమ్మయ్య అనుకునేలోపు ఆ తర్వాతి రోజు మళ్ళీ అదే వేళకు అదే వణుకు. మొదట చూపించిన చోట వైరల్ జ్వరమని మాత్రలిచ్చి పంపేశారు. మూడోసారి వణుకు వచ్చాక రక్తపరీక్ష చేయిస్తే వైవాక్స్ అనే రకం మలేరియా అని తేలింది.

అప్పటినుంచి దోమల మీద పడ్డాం. ఇంటి వెనక మురుగు కాలవే కారణమని మా గట్టి నమ్మకం. దాంట్లో ఏవేవో చల్లాం, ఫాగింగ్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశాం. జ్వరాల వివరాలు రాసుకోవడానికి వచ్చిన హెల్త్ వర్కర్ ఒకామె మాత్రం కాలవ వైపు చూడనే లేదు. "ముందు మీ ట్యాంకు చూపించండమ్మా" అంది.

మేడమీది ట్యాంకు మూత ఒక పక్క విరిగి వంకరపోయింది. ఏనాడో విరిగింది, మేం పట్టించుకోలేదు. ఆమె టార్చి వేసి, తెల్లటి గరిటెతో పైపైన నీళ్ళు ముంచి చూపించింది. సన్నటి గడ్డిపరకల ముక్కల్లాంటివి నాలుగైదు, నీటి మీద అడ్డంగా పడుకుని ఉన్నాయి. గరిటె కదిపితే చటుక్కున వెనక్కి జరిగాయి. పక్కనే వాడకుండా వదిలేసిన బకెట్లో కూడా పురుగులున్నాయి, కానీ అవి తోక పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతున్నాయి. తేడా అదేనని చెప్పింది. అలా వేలాడేవి వేరే జాతి దోమల పిల్లలు. నీటికి సమాంతరంగా పడుకునేవి అనాఫిలిస్ పిల్లలు, మలేరియాను మోసేది ఆ జాతే. మురుగు కంటే శుభ్రమైన నీళ్ళే దానికి ఎక్కువ ఇష్టమట. మేం తాగే నీళ్ళలోనే దాన్ని పెంచుతున్నామని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి మందు సంగతి తర్వాత. ముందు మీ ట్యాంకు, సంపు, బావి, వాడని డ్రమ్ములు, కూలర్ చూడండి. వాతావరణం వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా రావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి అనే లెక్క. మేం ప్రతి ఆదివారం ఖాళీ చేయగలిగినవన్నీ ఖాళీ చేసి, గోడలు రుద్ది, ఆరనిచ్చి మళ్ళీ నింపుతాం. ట్యాంకుకు సందు లేకుండా బిగిసే మూత పెట్టించాం. చాలామంది మరిచిపోయేది ఓవర్‌ఫ్లో పైపు. దాని మూతికి సన్నటి మెష్ చుట్టి తీగతో కట్టండి, లేదంటే మూత ఎంత బిగించినా దోమ అటునుంచి దూరుతుంది. బావిలాంటి ఖాళీ చేయలేని వాటిలో గంబూసియా, గప్పీ చేపలు దోమపిల్లల్ని తినేస్తాయి. వాటిని చెరువుల్లో, వాగుల్లో మాత్రం వదలకండి, అక్కడి చేపల్ని బతకనివ్వవు. తాగే నీళ్ళలో సొంతంగా ఏ మందూ కలపకండి. ఆ పని ఆరోగ్య శాఖ సిబ్బందికి వదిలేయండి, ఎంత మోతాదు వేయాలో వాళ్ళకు తెలుసు.

ఇక రాత్రి సంగతి. ఈ దోమ పొద్దుగూకినప్పటినుంచి తెల్లారేదాకా కుడుతుంది, ముఖ్యంగా మనం గాఢనిద్రలో ఉన్నప్పుడు. సాయంత్రం వెలిగించిన కాయిల్ ఆ వేళకు బూడిదై ఉంటుంది. పైగా తలుపులన్నీ మూసి దాని పొగ పీల్చడం పిల్లలకు అస్సలు మంచిది కాదు, మా పాపకు దగ్గు పట్టుకునేది. నన్నడిగితే రాత్రంతా నమ్మదగింది దోమతెర ఒక్కటే, అదీ మందు పట్టించిన దోమతెర. మామూలు తెరకు చెయ్యో మోకాలో ఆనుకుంటే దోమ బయటినుంచే కుట్టేస్తుంది. మందు తెర మీద వాలితే చస్తుంది. అంచులు నాలుగువైపులా పరుపు కిందికి దోపాలి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. చిన్న చిరుగు కనబడినా ఆ రోజే కుట్టేయండి. ఉతికేటప్పుడు మామూలు సబ్బుతో మెల్లగా ఉతికి నీడలో ఆరేయాలి, ఎండలో వేస్తే మందు పని తగ్గుతుంది. శబ్దంతో దోమల్ని తరిమే మెషిన్లు, ఫోన్ యాప్‌లు పనిచేయవు, వాటికి డబ్బు పెట్టకండి. ఫాగింగ్ ఆ కాసేపు ఎగిరే దోమల్నే చంపుతుంది, నీళ్ళలో ఉన్నవాటిని ఏమీ చేయదు. రక్తం తాగిన దోమ చాలాసార్లు గోడ మీదే వాలి సేదతీరుతుంది కనుక, ఇంట్లో గోడలకు మందు కొట్టడానికి సిబ్బంది వస్తే వద్దనకండి. కొట్టాక గోడలు కడగడం, సున్నం వేయడం చేయకండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, ఎందుకంటే మేం దెబ్బతిన్నది ఇక్కడే. జ్వరం తగ్గి పాప ఆడుకుంటోంది కదా అని ఆరో రోజుకే మాత్రలు ఆపేశాం. రెండు నెలల తర్వాత మళ్ళీ అదే వణుకు. దోమతెర వేస్తున్నాం, ట్యాంకు బాగుచేశాం, ఇక ఎక్కడినుంచి వచ్చిందని తలలు పట్టుకున్నాం. కొత్త దోమ అక్కర్లేకుండానే తిరగబెట్టి ఉంటుందని డాక్టరు చెప్పారు. వైవాక్స్ క్రిమి కొంత కాలేయంలో నిద్రపోతుంది, వారాలకో నెలలకో లేస్తుంది. దాన్ని చంపడానికే ప్రిమాక్విన్ ఇస్తారు, సాధారణంగా 14 రోజులు. ఆ మాత్ర అందరికీ పడదు కాబట్టి ముందు జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉందేమో చూసే రక్తపరీక్ష చేయిస్తారు, గర్భిణులకు ఇవ్వరు. మీ ఇంట్లో వాళ్ళకు వచ్చింది ఏ రకమో చీటీలో చూడండి. వైవాక్స్ అయితే కోర్సు పూర్తయిందో లేదో ఇవాళే కనుక్కోండి.

జ్వరం ఉన్న మనిషిని పగలూ రాత్రీ దోమతెరలోనే పడుకోబెట్టండి. రోగిని కుట్టిన దోమ లోపలే ఈ క్రిమి పెరుగుతుంది. 1897లో సికింద్రాబాద్‌లో బ్రిటిష్ డాక్టరు రోనాల్డ్ రాస్ దాన్ని చూసింది కూడా మలేరియా రోగి రక్తం తాగించిన దోమ కడుపులోనే. పది రోజులో రెండు వారాలో గడిచాక అదే దోమ ఇంట్లో ఇంకొకరికి అంటిస్తుంది. మా రెండోవాడికి రాకుండా ఆగింది ఆ తెర వల్లేనని నేను అనుకుంటున్నాను.

ఇంట్లో ఎవరికైనా మళ్ళీ చలిజ్వరం వస్తే మూడోసారి వణుకు దాకా మాలాగా ఆగొద్దు. ఇంతకుముందు ఇంట్లో మలేరియా వచ్చిందని డాక్టరుకు మీరే చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించమని అడగండి.