ఎట్లా తెలిసిందో రాయి

హనుమకొండ

బిడ్డా,

పన్ను ఎట్లా తయారవుతుందో చెప్పే నీ వ్యాసం అందింది. మొదటి ఆరు పేజీలు చదువుతుంటే చిరాకేసింది. ఏడో పేజీకి వచ్చాక కళ్లు తడి అయినయి. ఆ తర్వాత ముందుకన్నా ఎక్కువ కోపం వచ్చింది. అందుకే ఆగకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏడో పేజీ అడుగున ఒక్క వాక్యం ఉంది. మీ అమ్మమ్మ ఇంటి పెంకుల మీదికి విసిరేయకుండా డబ్బీలో దాచిపెట్టిన నీ పాలపన్నును పల్చగా కోసి, అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, నువ్వు పుట్టిననాటి గీతను అందులో చూసుకున్నావట. అంతే. ఆ వెంటనే 'దంతవైద్య రంగానికి ఉజ్వల భవిష్యత్తు' మొదలైంది. ఇంత పెద్ద సంగతి చేతిలో పెట్టుకొని అంతసేపు ఏం చెప్పావమ్మా?

'ఉపకళా కణజాలం, మధ్యత్వచ కణజాలాల పరస్పర చర్యల ఫలితంగా, జన్యువుల నియంత్రణలో దంతాభివృద్ధి జరుగుతుంది' అన్నావు. తప్పు లేదు. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. కానీ చదివేవాడికి ఒక్కటే ప్రశ్న వస్తుంది: ఎట్లా తెలిసింది? ఎవరు చూశారు, ఏం కోశారు, దేన్ని దేనితో కలిపారు, చివరికి ఏమొచ్చింది? తెలుగులో సైన్సు రాయాలనుకునే ఎవరికైనా నేను చెప్పేది ఇదే. సంగతి చెప్పిన చోటనే అది తెలిసిన తీరు కూడా చెప్పాలి. అది చెప్పకపోతే పాఠకుణ్ని నమ్మమని అడుగుతున్నట్టే. నమ్మమని చెప్పేవాళ్లు వాడి చుట్టూ ఇప్పటికే చాలామంది ఉన్నారు.

నీ ఆ వాక్యం వెనక ఎంత కథ ఉందో చూడు. 1969లో కొల్లర్, బెయిర్డ్ అనే ఇద్దరు చిట్టెలుక పిండాల్లోంచి పంటి మొగ్గలు తీశారు. మొగ్గలో రెండు రకాల కణాలుంటాయి. నోటి చర్మం నుంచి లోపలికి దిగినవి పైపొర, నువ్వు ఉపకళా కణజాలం అన్నది. దాని కింద గుమిగూడినవి కిందిపొర, నువ్వు మధ్యత్వచ కణజాలం అన్నది. ఈ కిందివాటి పూర్వీకులు మెదడు ఏర్పడే చోటి అంచు నుంచి బయలుదేరి దవడ దాకా వలస వచ్చిన కణాలు. వాళ్లు ఆ రెండు పొరల్ని విడదీశారు. ముందుపంటి పైపొరను దవడపంటి కిందిపొరతో జత చేశారు, దవడపంటి పైపొరను ముందుపంటి కిందిపొరతో జత చేశారు. మొదటి జత దవడపన్ను అయింది, రెండోది ముందుపన్ను అయింది. ఆ వయసు మొగ్గలో ఆకారం కిందిపొర చేతిలో ఉందని అట్లా తేలింది.

అక్కడితో ఆగలేదు. 1987లో అదే కొల్లర్ మినా అనే మరో పరిశోధకురాలితో కలిసి ఇంకా లేత పిండాలు తీసుకున్నాడు. పన్ను ఎన్నడూ మొలవని చోటి కిందిపొర తెచ్చి దాని మీద లేత దవడ పైపొర పెడితే పన్ను వచ్చింది. అంటే మొదట్లో పన్ను చేయించే శక్తి పైపొరది. పిండానికి 12 రోజులు వచ్చేసరికి ఆ శక్తి కిందిపొరకు చేరిపోతుంది. రెండు పొరలు మాట్లాడుకుంటున్నాయని తేలింది ఇట్లా, విడదీసి మార్చి జత చేస్తేనే. ఇదంతా నీకు తెలుసు. నువ్విచ్చిన వివరాలు చూస్తేనే నువ్వు చదివావని అర్థమవుతుంది. తెలిసి కూడా దాచావు.

మూడో పేజీలో పంటి మీది గట్టి పొర అయిన ఎనామిల్ దగ్గరికి వచ్చి, 'ఎనామిల్ నాట్ ఒక సంకేత కేంద్రం' అని తేల్చేశావు. అక్కడా అంతే. విభజన చెందబోయే కణాలు మాత్రమే లోపలికి తీసుకునే ఒక గుర్తు పదార్థం ఇచ్చి చూస్తే, మొగ్గ నిండా గుర్తులు కనపడ్డాయి, నడుమ ఒక చిన్న గుంపులో మాత్రం ఏమీ లేదు. ఆ గుంపే ఎనామిల్ నాట్. తాము విభజన చెందని ఆ కణాలే చుట్టుపక్కల కణాలను పెరగమని ప్రొటీన్ల ద్వారా కబురు పంపుతున్నాయని 1990లలో హెల్సింకిలో ఐర్మా థెస్లెఫ్, యుక్కా యెర్న్‌వాల్ బృందం చూపించింది. పని కాగానే ఆ గుంపు తనంతట తానే చచ్చిపోతుంది. దవడపంటిలో అయితే అట్లాంటి గుంపులు మళ్లీ పుడతాయి, ఒక్కో మొన లేచే చోట ఒక్కొక్కటి. ఇది రాస్తూ నీకు ఒళ్లు గగుర్పొడవలేదా? పొడిస్తే అది వాక్యంలోకి ఎందుకు రాలేదు?

దీన్ని రామప్ప శిల్పులతో పోల్చిన పేరా తీసెయ్. రామప్ప శిల్పి రాయికి బయట నిలబడి చెక్కాడు. పంటిని చెక్కేవాళ్లు ఎవరూ లేరు. కణాలు ఎక్కడ పెరుగుతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అన్నదాన్ని బట్టే ఆకారం వస్తుంది. మన వరంగల్ వాళ్లు ఏం రాసినా అందులో రామప్పనో వేయిస్తంభాల గుడినో తెచ్చిపెట్టడం ఒక అలవాటైపోయింది.

కోడికి పళ్లు మొలిపించారన్న మాట కూడా ఒక ఆశ్చర్యార్థకం పెట్టి వదిలేశావు. 1980లో కోడి పైపొర, చిట్టెలుక కిందిపొర కలిపితే ఎనామిల్ ఉన్న పన్ను వచ్చిందన్న ప్రకటన నిజమే. కానీ ఎలుక పైపొర కణాలు కొన్ని పొరపాటున కలిసి ఉండొచ్చని తర్వాత అనుమానాలు వచ్చాయి. ఎనామిల్‌కు కావలసిన జన్యువులు కోడిలో చెడిపోయి ఉన్నాయని ఆ తర్వాత తెలిసింది. ఆ అనుమానం కూడా రాస్తే పాఠకుడు నిన్ను ఇంకా ఎక్కువ నమ్ముతాడు.

ఇప్పుడు నీ గీత సంగతి. ఎనామిల్ వేసే కణం రోజుకు సుమారు 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం వేసుకుంటూ పోతుంది, ఏ రోజు పనికి ఆ రోజు సన్నటి గుర్తు మిగులుతుంది. బిడ్డ పుట్టిన రోజు ఒంటికి తగిలే కుదుపుకు ఆ కణాల పని కాస్త చెదురుతుంది. ఆ చెదురే గీతగా నిలిచిపోతుంది. గీతకు లోపలి ఎనామిల్ అంతా నువ్వు మీ అమ్మ కడుపులో ఉండగా వేసింది, బయటిది నువ్వు ఊపిరి పీల్చడం మొదలుపెట్టాక వేసింది. దీన్ని నువ్వు నీ కళ్లతో చూశావు. ఎట్లా తెలిసింది అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు. పన్ను దేనితో కోశావు, ఎంత పల్చగా అరగదీశావు, మొదట ఏం కనపడలేదు, గీత ఇదేనని ఎట్లా పోల్చుకున్నావు, అప్పుడు పక్కన ఎవరున్నారు? అన్నీ కావాలి. వ్యాసం అక్కడే మొదలుపెట్టు.

నేను ఈ ఒక్క మాట ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. నర్సంపేట దిక్కు ఒక బడిలో సైన్సు చెప్పే రోజుల్లో, ఆదివారమైతే బస్సెక్కి హనుమకొండ వచ్చి రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయంలో కూర్చునేవాణ్ని. టీ డబ్బులు, బస్సు డబ్బులు లెక్క చూసుకొని కాగితాలు కొనేవాణ్ని. అక్కడ కూర్చొని, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. దానికోసం జనగామ దాటి నల్గొండ దిక్కు ఊళ్లకు పోయాను. ఒక ఇంట్లో అత్త పళ్ల నిండా గోధుమరంగు మచ్చలు, పక్కనే కూర్చున్న కోడలి పళ్లు తెల్లగా ఉన్నాయి. ఇద్దరూ ఏండ్లుగా తాగేది ఒకే బోరింగు నీళ్లు. కోడలు మంచినీళ్లున్న ఊరి నుంచి పెళ్లయి వచ్చింది.

ఎనామిల్ కణాలు ముందు ప్రొటీన్‌తో మెత్తటి పొర వేసి, తర్వాత ఆ ప్రొటీన్‌ను తీసేస్తూ ఖనిజం నింపుతాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ తీసే పని వెనకబడి ఎనామిల్ గుల్లగా మిగులుతుంది. జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ల ఎనామిల్ ఎనిమిదేళ్ల వయసు వచ్చేసరికి దాదాపు పూర్తవుతుంది. పన్ను నోట్లోకి వచ్చేసరికి ఆ కణాలు ఉండవు. అందుకే పెద్దయ్యాక వచ్చిన కోడలి పళ్లకు మచ్చ పడలేదు, ఎముకలకు ముప్పు మాత్రం ఆమెకూ ఉంది. అత్తాకోడళ్లను పక్కపక్కన చూస్తే చాలు, పన్ను ఎప్పుడు తయారవుతుందో అర్థమైపోతుంది.

ఆ వ్యాసాన్ని ఒక ఆదివారం అనుబంధానికి పంపాను. అక్కడి ఎడిటర్ అత్తాకోడళ్ల పేరా మొత్తం కోసేశాడు, కణాల పేరా కోసేశాడు, మిగిలిన ముక్కను పంటి సంరక్షణ శీర్షిక కింద బ్రష్షు బొమ్మతో వేశాడు. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన పేపరు పట్టుకొని బడికి వచ్చి, 'సారూ, మేం సక్కగ తోముకోకనే మా పండ్లు ఇట్లయినయా?' అని అడిగాడు. ఆయనకు కావలసిన జవాబు ఆ కోసేసిన పేరాలో ఉంది. ఆ ఎడిటర్‌ను నేను ఈనాటికీ క్షమించలేదు. ఇప్పుడు పేపర్లలో 'మీకు తెలుసా?' అని రంగు డబ్బాల్లో వేసే ముక్కలు చూసినప్పుడల్లా ఆ పెద్దమనిషే గుర్తుకొస్తాడు.

నీ ముగింపులోనూ అదే గాలి సోకింది. 'త్వరలో అందరికీ కొత్త పళ్లు' అని ఎవరు మాటిచ్చారు? యూఎస్‌ఏజీ-1 అనే ప్రొటీన్ పంటి పెరుగుదలను అదుపు చేస్తుంది, దాన్ని అడ్డుకుంటే ఎలుకల్లో, ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువుల్లో అదనంగా పన్ను వచ్చిందని జపాన్ పరిశోధకులు 2021లో ప్రచురించారు. 2024లో క్యోటో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 30 మంది మగవాళ్ల మీద పరీక్ష మొదలైంది, 30 నుంచి 64 ఏళ్ల వయసువాళ్లు. ఆ దశలో చూసేది మందు మనిషికి సురక్షితమా కాదా అని. అంతవరకే రాయి. కట్టుడు పళ్లతో అవస్థ పడే ముసలివాళ్లు నీ వ్యాసం చదువుతారు, వాళ్లకు లేని ఆశ పెట్టొద్దు.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకంగా ఎవరు వేస్తారు అని అడిగావు. ముందు వ్యాసం తిరగరాయి. పాలపన్నుతో మొదలుపెట్టు, కొల్లర్ ప్రయోగాలు పూర్తిగా చెప్పు, జన్యువుల పేర్ల జాబితాలోంచి కథకు అవసరమైనవి రెండు మూడు ఉంచి మిగతావి తీసెయ్. ఎవరైనా ఎడిటర్ స్థలం లేదంటే భవిష్యత్తు గురించిన పేజీ ఇచ్చెయ్, ప్రయోగాల్లో ఒక్క వాక్యం కూడా ఇవ్వకు. అందుకు ఒప్పుకోకపోతే వ్యాసం వెనక్కి తెచ్చుకో. దసరా సెలవుల్లో నేను ఊళ్లోనే ఉంటాను, అప్పటికి కొత్త ప్రతి పంపు.

ఆశీస్సులతో,
సార్