తారు పడితే పీకొద్దు, ముందు నీళ్ళు పట్టు

అమ్మలూ,

ఇంటి ముందు రోడ్డు వేస్తున్నారు, పిల్లలేమో ఆ తారు డ్రమ్ము చుట్టూనే తిరుగుతున్నారని నిన్న ఫోన్లో అన్నావు చూడు, అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. కాలిన గాయాల వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. మీ ఆయనతో కూడా చదివించు.

ముందు ఒకటి చెబుతా. ఓ నాలుగేళ్ళ పిల్లాణ్ణి వాళ్ళ నాన్న ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. తలుపు దగ్గరే గుప్పుమని కిరసనాయిలు వాసన. ముంజేతి మీద పడ్డ తారు పోవాలని గుడ్డ ముంచి తోమేశాడట, పాపం. తారు పోయింది నిజమే, దాంతోపాటు చర్మమూ ఊడొచ్చింది. ఆ తండ్రిని ఏమనగలం, నల్లగా అంటుకుని కనిపిస్తుంటే ఎవరికైనా ముందు దాన్ని వదిలించాలనే అనిపిస్తుంది. కానీ పిల్లాణ్ణి కాల్చేది ఆ నలుపు కాదు, అందులో ఉన్న వేడి. నీళ్ళు 100 డిగ్రీలకు మరిగితే, రోడ్డుకి వేసే తారు 150 దాకా కాగుతుంది, పైకప్పులకు పూసేది 200 కూడా దాటుతుంది. పైగా నీళ్ళలా జారిపోదు, అతుక్కుని కూర్చుని వేడిని లోపలికి దించుతూనే ఉంటుంది, పిల్లల చర్మం పల్చన కాబట్టి గాయం మనకంటే లోతుగా దిగుతుంది.

అందుకని తారు ఎక్కడుందో అక్కడే ఉంచి, దాని మీద కుళాయి నీళ్ళు ధారగా పట్టు. ఇరవై నిమిషాలు, గడియారం చూసి మరీ. పిల్లాడి ఏడుపు వింటూ ఉంటే రెండు నిమిషాలే ఇరవైలా అనిపిస్తాయి, నాకు తెలుసు. తారు గట్టిపడినట్టు కనిపించినా ఆపకు, అడుగున ఇంకా వేడి ఉంటుంది. మామూలు చల్లని నీళ్ళు చాలు, ఐస్ పెట్టకు. కాలిన చోటే తడుపుతూ మిగతా ఒళ్ళంతా దుప్పటి కప్పు, చిన్నపిల్లలు చలికి తొందరగా బిగుసుకుపోతారు. వెంటనే నీళ్ళు దొరక్కపోయినా మూడు గంటల్లోపు ఎప్పుడు పట్టినా మేలే. ఈలోగా గాజులు, ఉంగరాలు, బూట్లు తీసెయ్యి, వాపు వచ్చాక అవి రావు. చొక్కా తారుతో అతుక్కుపోతే లాగకు, చుట్టూ కత్తిరించు.

తర్వాత శుభ్రమైన పలచని గుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళు. టూత్‌పేస్టూ సిరా పూసి తెస్తే మేం వాటిని కడగడానికే అరగంట పట్టేది, పిల్లాడికి అదో నరకం. పెట్రోలు, డీజిలు, థిన్నర్ మాటెత్తొద్దు, అవి గాయాన్ని ఇంకా కాలుస్తాయి, ఒంట్లోకి కూడా ఇంకుతాయి. నొప్పికి పారాసిటమాల్ సిరప్ ఇవ్వొచ్చు, బరువుని బట్టి డోసు చూసుకో.

చిన్న మచ్చే కదా, ఇంట్లోనే చూసుకుందాం అనుకుంటావేమో, వేడి తారు విషయంలో అలా వద్దు. ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మాంగాలు అయితే ఒక్క నిమిషం కూడా ఆలోచించకు. వేలి చుట్టూనో చేయి చుట్టూనో తారు గాజులా బిగిసిపోతే రక్తం ఆడదు, అక్కడికి వెళ్ళగానే ముందు అదే చెప్పు. కంట్లో పడితే నీళ్ళు ధారగా పోస్తూ తీసుకెళ్ళడమే, రెప్ప మీది తారు ముట్టుకోకు. ఎంత మేర కాలిందని డాక్టరు అడిగితే, పిల్లాడి అరచెయ్యి వేళ్ళతో సహా ఒంట్లో దాదాపు ఒక శాతం, దాంతో కొలిచి చెప్పు. పది శాతం దాటితే సెలైన్ అవసరం పడుతుంది. ధనుర్వాతం టీకాల కార్డు వెంట పెట్టుకో.

అక్కడ తారును వెంటనే తియ్యలేదని గొడవ పెట్టుకోకు! తొందరేం లేదు. మేమైతే పెట్రోలియం జెల్లీనో ఆయింట్‌మెంటో దళసరిగా రాసి పలచని కట్టుగుడ్డ చుట్టి వదిలేసేవాళ్ళం. కొన్ని గంటలకు విప్పితే తారు మెత్తబడి నల్లని బురదలా గుడ్డకే వచ్చేసేది, మళ్ళీ రాయడం, మళ్ళీ కట్టడం, ఒక్కోసారి రెండో రోజుకి గానీ పూర్తయ్యేది కాదు. ఓ పాప కట్టు విప్పినప్పుడల్లా ఎన్ని వేళ్ళు బయటపడ్డాయో లెక్కపెట్టుకునేది.

ఎండకి మెత్తబడిన తారు అరికాలికి అంటుకుంటే అది వేరే సంగతి, అక్కడ కాలిందేమీ లేదు. నూనె రాసి కాసేపాగి తుడిచెయ్యి.

ఇంటికొచ్చాక మొదటి వారం కన్నేసి ఉంచు. జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, విరేచనాలు, మబ్బుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా గాయం పైకి బాగానే ఉన్నా సరే రాత్రికి రాత్రే తీసుకెళ్ళు. కాలిన పిల్లల్లో గాయం చిన్నదైనా ఒక్కోసారి అందులో చేరిన క్రిముల విషం ఒళ్ళంతా పాకుతుంది. మానేటప్పుడు దురద చంపేస్తుంది, కొత్త చర్మం మీద మాయిశ్చరైజర్ రోజుకి మూడు నాలుగు సార్లు రాయి, ఎండ తగలనీకు, గోళ్ళు మాత్రం మర్చిపోకుండా కత్తిరించు.

రేపు పనివాళ్ళు రాగానే పిల్లల్ని వెనక గదిలో పెట్టి గడియ వేసెయ్. ఏడిస్తే ఏడవనీ.

మీ పెద్దమ్మ